బాండు ధరలో దాగిన ఎగవేత అవకాశం
మా కావలి వైపు రొయ్యల చెరువుల మీద మిగిలిన సొమ్మును ఎక్కువ వడ్డీ కోసం కంపెనీ బాండ్లలో పెట్టదలచినవారు, కొనబోయే బాండు ధరను అదే గడువున్న ప్రభుత్వ బాండు ధరతో ముందుగా పోల్చి చూడాలి. ఏడాది తరువాత ఒకేసారి 1000 రూపాయలు చెల్లించే ప్రభుత్వ బాండు 935కు, అంతే చెల్లిస్తానన్న కంపెనీ బాండు 900కు దొరుకుతున్నాయనుకుంటే, తేడా అయిన 35ను 935తో భాగించగా వచ్చే 3.74 శాతమే మార్కెట్ లెక్కగట్టిన నష్టం. కంపెనీ చేతులెత్తేసినా 40 శాతం తిరిగి వస్తుందనుకుని (తనఖా లేని బాండుకు నేనైతే అంత ఆశించను) ఆ 3.74 శాతాన్ని మిగతా పోయే 60 శాతంతో, అంటే 0.60తో భాగిస్తే, ఎగవేత అవకాశం సుమారు 6.2 శాతమని తేలుతుంది. అమ్మబోతే సులభంగా కొనేవారు దొరకని బాండు ధర ఆ కారణంగానూ తగ్గుతుంది గనుక, అసలు అవకాశం సాధారణంగా ఇంతకంటే తక్కువే ఉంటుంది.