గరుసు నేలలో డిస్క్ గోల్ఫ్: ఏ ప్లాస్టిక్ ఎంత మన్నుతుందో తేల్చుకోవడం ఎలా

అనంతపురం చుట్టూ ఎర్ర గరుసు, గుట్టల కింద గుండ్లు. కర్నూలు, కడప వైపు రేగడి దాటితే నాపరాతి పలకలు, సర్కారు తుమ్మ కంప. ఈ నేల మీద డిస్క్ గోల్ఫ్, అంటే ప్లాస్టిక్ డిస్కును విసురుతూ గొలుసుల బుట్టలో వేసే ఆట, ఆడేవాళ్లు డిస్కు పేరు కంటే ముందు చూసుకోవాల్సింది దాని ప్లాస్టిక్. పచ్చిక మైదానాల్లో ఆడేవాళ్లు ఇచ్చే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. పచ్చిక మీద డిస్కు జారుతూ ఆగుతుంది, గరుసు మీద అంచు కోసుకుంటూ ఆగుతుంది.

దాదాపు ప్రతి కంపెనీ ప్లాస్టిక్‌లనూ మూడు గుంపులుగా చూడొచ్చు. మొదటిది చవకది, బేసిక్: ఇన్నోవా వాళ్ల డీఎక్స్, డిస్‌క్రాఫ్ట్ ప్రో-డి, డైనమిక్ డిస్క్స్ ప్రైమ్, లాటిట్యూడ్ 64 రెట్రో. చేతికి పొడిగా, కాస్త గరుకుగా తగులుతుంది, పట్టు బాగుంటుంది, తొందరగా అరుగుతుంది. రెండోది వెలుతురు దూరే గట్టి రకం: అవే కంపెనీల వరుసలో ఛాంపియన్, జెడ్, లూసిడ్, ఆప్టో. అరుగుదలకు బాగా తట్టుకునేది ఇదే, చెమట చేతికి జారేదీ ఇదే. మూడోది వెలుతురు దూరని ఖరీదైన రకం: స్టార్, ఈఎస్పీ, గోల్డ్ లైన్. పట్టులో మొదటి రకానికి, మన్నికలో రెండో రకానికి దగ్గరగా ఉంటుంది. రెండో, మూడో రకాలు ఎక్కువగా పాలీయురేథేన్ జాతివి, అందుకే రాయి తగిలినా ముక్క ఊడిరాకుండా గీతతో సరిపోతుంది. ఎంవీపీ అనే కంపెనీ డిస్కులు వేరు. వాటి బయటి రింగు ఒక పదార్థం, లోపలి భాగం ఇంకొకటి. అందుకని పట్టును లోపలి ప్లాస్టిక్‌లోనూ, అరుగుదలను బయటి రింగులోనూ విడివిడిగా చూడాలి.

పేరును మాత్రం పూర్తిగా నమ్మొద్దు. ఒకే కంపెనీ, ఒకే ప్లాస్టిక్ అయినా ఈ విడతలో వచ్చింది మెత్తగా, వచ్చే విడతది గట్టిగా ఉండొచ్చు. రంగు మారినా గట్టిదనం మారుతుంది. కాబట్టి చేతిలో ఉన్న డిస్కునే పరీక్షించాలి.

పోల్చాలంటే అచ్చు, అంటే డిస్కు ఆకారం, ఒకటే ఉండాలి. లెపర్డ్, డిస్ట్రాయర్ ఇన్నోవా అచ్చుల పేర్లు. డీఎక్స్ లెపర్డ్‌ను ఛాంపియన్ డిస్ట్రాయర్‌తో పోలిస్తే తేడా ప్లాస్టిక్‌దో ఆకారానిదో తేలదు. లెపర్డ్‌నే డీఎక్స్, స్టార్, ఛాంపియన్‌లలో తీసుకోండి. మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి విసిరే డిస్కు) కావాలంటే డిస్‌క్రాఫ్ట్ బజ్‌ను ప్రో-డి, ఈఎస్పీ, జెడ్‌లలో తీసుకోవచ్చు. మూడింటి బరువుల మధ్య తేడా 2 గ్రాములు దాటకూడదు, ఎందుకంటే తేలిక డిస్కు అదే చేతికి ఎక్కువ తిరుగుతుంది. అడుగున రాసిన అంకెతో సరిపెట్టుకోకుండా వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, ఆ బరువునూ తేదీనీ పర్మనెంట్ మార్కర్‌తో డిస్కు లోపలివైపు రాసుకోండి.

విసరక ముందే చూడాల్సినవి రెండున్నాయి. మన ఇళ్లలో పాలిష్ నాపరాయి నేల ఉంటుంది కదా, స్టీలు స్కేలు ఆనించి సమంగా ఉన్న పలక ఒకటి ఎంచుకోండి. దాని మీద డిస్కు పెట్టి అంచును నాలుగు వైపులా వేలితో నొక్కితే, వంకర ఉన్నది టకటకమని ఊగుతుంది. తర్వాత రెండు డిస్కులను ఆ పలక మీదే పక్కపక్కన పెట్టి ముక్కులు, అంటే అంచుల బయటి కొసలు, తాకేదాకా జరపండి. డిస్కు పై సగం, కింది సగం కలిసే గీత ఒకటి అంచు చుట్టూ ఉంటుంది. ఆ గీత ఎత్తుగా ఉన్న డిస్కు ముక్కు రెండోదాని ముక్కు మీదికి ఎక్కుతుంది. కొత్తదాంట్లో ఆ గీత ఎంత ఎత్తుంటే డిస్కు అంత మొండిగా ఎడమకు వాలుతుంది, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి, విసిరేవాళ్లకు. అచ్చు ఒకటే అయినా చల్లారేటప్పుడు ఒక్కో ప్లాస్టిక్ ఒక్కోలా ముడుచుకుంటుంది. అందుకే కొత్తలోనే ఎగరడంలో తేడా వస్తుంది. ఈ సంగతి రాసిపెట్టుకోకపోతే నెల తర్వాత దాన్నే అరుగుదల అనుకుంటారు.

ఇక విసరడం. ఉదయం 8 లోపు, గాలి లేనప్పుడు మొదలుపెట్టండి. ఒక్కో డిస్కు 10 సార్లు మెత్తని పొలంలోకి, 10 సార్లు గరుసు మీదికి. వరుసగా ఒకే డిస్కు విసరకుండా ఒకటి, రెండు, మూడు అని మార్చుకుంటూ పోవాలి. లేదంటే చెయ్యి అలసిన తేడా చివరి డిస్కు మీద పడుతుంది. మూడింటినీ ఒకే ఎత్తులో, సమానంగా వదలండి. దూరం కంటే డిస్కు ఎటు తిరిగింది, చివర ఎటు వాలింది అన్నదే ముఖ్యం. ప్రతి 20 విసుర్లకూ అంచును ఫోటో తీయండి. నేరు వెలుతురులో గాట్లు కనపడవు. చీకటి గదిలో ఫోన్ టార్చిని పక్క నుంచి వేస్తే ప్రతి గాటూ నీడతో తేలుతుంది. ఫోటో ఎప్పుడూ ఒకే దూరం నుంచి, ముద్ర గుర్తును ఒకే వైపు పెట్టి తీయాలి.

ఏ గాటు ఏం చేస్తుందో తెలిస్తేనే ఈ ఫోటోలకు విలువ. డిస్కు మీద పైన పడే గీతలు చూపుకు బాగుండవు గానీ ఎగరడాన్ని పెద్దగా మార్చవు. చూడాల్సింది ముక్కు కింది అంచు. నేలను మొదట తాకేది సాధారణంగా అదే. అక్కడ చిన్న చిన్న గాట్లు కూడుకుంటే ముక్కు గుండ్రపడుతుంది, ఆ కలిసే గీత కిందికి దిగినట్టవుతుంది, వేగంలో ఉన్నప్పుడు డిస్కు కుడివైపు తిరగడం మొదలుపెడుతుంది. బేసిక్‌లో ఈ మార్పు తొందరగా వస్తుంది, చివరి వాలు కూడా దాంతోపాటే పోతుంది. ఛాంపియన్, జెడ్ రకాల్లో మార్పు మెల్లగా వస్తుంది, చివరి వాలు చాలాకాలం మిగులుతుంది. అందుకే అరిగిన ఛాంపియన్‌కు గిరాకీ ఉంటుంది: ముందు నిటారుగా పోతుంది, చివర నమ్మకంగా దిగుతుంది.

అరుగుదల ఎప్పుడూ చెడ్డది కాదు. మిడ్‌రేంజ్‌లో ఒకే అచ్చు బేసిక్ డిస్కులు మూడింటిని ఒక్కొక్కటి ఒక్కో దశలో ఉంచుకుంటే, కొత్తది ఎడమకు, సగం అరిగినది నిటారుగా, బాగా అరిగినది కుడికి పోతుంది. మూడింటికీ పట్టు ఒకటే. ఇది మంచి పద్ధతి. కానీ గరుసు మీద డ్రైవర్లతో, అంటే ఎక్కువ దూరం విసిరే డిస్కులతో, ఇది కుదరదు. వేగంగా దిగే డ్రైవర్ పలచటి అంచు రాయికి తగిలితే మెల్లగా అరగదు, ఒక్క దెబ్బకు పెచ్చు లేస్తుంది. మన నేలకు డ్రైవర్లు గట్టి రకంలోనే కొనాలి, డబ్బు పెట్టాల్సింది అక్కడే. పుట్టర్, అంటే దగ్గర నుంచి బుట్టలోకి వేసే డిస్కు, బేసిక్‌లో చాలు. అది వేగంగా నేలను తాకదు, బుట్ట గొలుసులు చేసే గీతలే ఎక్కువ. పట్టే ముఖ్యం.

పట్టును మూడు స్థితుల్లో చూడండి: పొడి చేత్తో, చెమట చేత్తో, దుమ్ము పడ్డాక. కడప ఎండలో చెమట తప్పదు, గట్టి ప్లాస్టిక్ ఆ చెమటతో గాజులా జారుతుంది. ఎర్ర దుమ్ము ఇంకా చేటు, సన్నని పొడి అంచు మీద పేరుకుని వేలికీ ప్లాస్టిక్‌కూ మధ్య పొరలా నిలుస్తుంది. అంచు లోపలివైపు, వేళ్లు ఆనే చోటును ప్రతి విసురుకూ నూలు తువ్వాలుతో తుడవాలి. ఒకటి తడిది, ఒకటి పొడిది దగ్గరుండాలి. తడిది ముందు, పొడిది తర్వాత. కొత్త డిస్కు మీద తయారీ అచ్చులోంచి అంటిన జిడ్డు కూడా ఉండొచ్చు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి గోరువెచ్చని నీటితో కడిగాకే పట్టు గురించి తీర్పు చెప్పండి. చాలామంది కడగకుండానే ఛాంపియన్ జారుతుందని పక్కన పడేస్తారు.

మెత్తదనం ఎండను బట్టి మారుతుంది. వేసవిలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే, మూసిన కారులో, బైకు డిక్కీలో వేడి అంతకు మించుతుంది. అక్కడ వదిలేసిన డిస్కులు, ముఖ్యంగా సంచిలో ఒత్తుకుని నిలబెట్టినవి, వంకరపోతాయి. రెండు అరచేతుల మధ్య అంచులను నొక్కి చూసే పరీక్షను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం నీడలో ఒకసారి చేయండి. ఉదయం సరిగ్గా అనిపించిన ఇన్నోవా జీస్టార్ లాంటి మెత్తని రకం మధ్యాహ్నానికి చేతిలో మరీ వంగిపోయి, వదిలేటప్పుడు వేలి కింద నలుగుతుంది. మే నెలలో ఆడేవాళ్లు మెత్తని రకాలను డ్రైవర్లుగా కొనకపోవడమే మంచిది. ముదురు రంగులు ఎండకు ఇంకా తొందరగా కాగుతాయి. ఎర్ర నేలలో ఎరుపు, నారింజ డిస్కులు, ఎండుగడ్డిలో పసుపువి కంటికి ఆనవు. లేత నీలం, గులాబీ మేలు.

వంకరపోయిన గట్టి రకం డిస్కును చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో, మరిగేవి మాత్రం కాదు, ఒక నిమిషం ముంచి, చేత్తో సరిచేసి, నాపరాయి మీద బోర్లించి పైన బరువైన పుస్తకం పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. బేసిక్‌కు ఇది వద్దు, ఆకారమే మారిపోవచ్చు.

పెచ్చు లేచిన చోటును అలాగే వదిలితే వేలు కోసుకుంటుంది, తర్వాతి దెబ్బకు ఆ పెచ్చు ఇంకా చీలుతుంది. వేలాడే ముక్కను గోళ్లు తీసే కట్టర్‌తో మొదలుకంటా కత్తిరించి, 400 నంబరు సాండ్ పేపర్‌ను నీటిలో తడిపి అంచు వెంబడి నాలుగైదు సార్లు రుద్దితే చాలు. అడ్డంగా రుద్దొద్దు. గాటు అడుగు దాకా పోవాలని పట్టుబట్టి రుద్దినా చేటే, అప్పుడు ముక్కు ఆకారమే మారుతుంది. డిస్క్ గోల్ఫ్ నియమాలు పెట్టే సంస్థ పీడీజీఏ నియమాల ప్రకారం గీతలను నునుపు చేసే మేరకు సాండ్ పేపర్ వాడొచ్చు, అతిగా అరగదీసిన డిస్కు చెల్లదు. పగులు పడినదీ, రంధ్రం పడినదీ కూడా పోటీలో పనికిరావు. అందుకే ఆటకు ముందు డిస్కును రెండు చేతులతో కాస్త వంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి, అంచు, డిస్కు మధ్య భాగం కలిసే చోట సన్నని గీత ఏదైనా తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకుంటే అది ఇక ఇంటి దగ్గర సాధనకే.