జూలై 4కి పక్కింటివాళ్లు పిలిస్తే

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి ఇక్కడి స్వాతంత్ర్య దినోత్సవం జూలై 4 అంటే ఒక సెలవు, అంతే. నాకూ మొదట్లో అలాగే ఉండేది. పక్కింటివాళ్లు పెరట్లో గ్రిల్ పార్టీకి పిలిస్తే మాత్రం మొహమాటపడకుండా వెళ్లండి. ఏం తేవాలో ముందే అడగండి, ఏమీ వద్దన్నా ఒక పుచ్చకాయ పట్టుకెళ్లండి. బీఫ్, పోర్క్ తినకపోతే టెన్షన్ వద్దు, మొక్కజొన్న పొత్తులు గ్రిల్ మీద కాల్చి ఉప్పూ కారం చల్లి నిమ్మచెక్క రుద్దారంటే అచ్చం మన రోడ్డు పక్క బండి రుచే, వాళ్లే రెండోది అడుగుతారు.

మడత కుర్చీలు, దోమల మందు మర్చిపోవద్దు, ఎందుకంటే చాలా ఊళ్లలో చీకటి పడేసరికి తొమ్మిదవుతుంది, బాణసంచా ఆ తర్వాతే. సొంతంగా కాల్చాలంటే రాష్ట్రం రూల్స్ చూసుకోండి, మసాచుసెట్స్‌లో కాకరపువ్వొత్తులు కూడా నిషేధం (దీపావళికీ అంతే, ఏం చేస్తాం).

మాటల్లో రాజకీయాలు వేడెక్కితే నేను అమెరికా తొలినాళ్ల అధ్యక్షులు ఆడమ్స్, జెఫర్సన్‌ల కథ ఎత్తుకుంటా. 1776 స్వాతంత్ర్య ప్రకటనకి కలిసి పనిచేసి, తర్వాత పార్టీల గొడవల్లో ఏళ్ల తరబడి మాటలు మానేసి, 1812లో ఉత్తరాలతో మళ్లీ కలిసిన స్నేహితులు వాళ్లు. ఇద్దరూ పోయింది 1826 జూలై 4నే!

వచ్చేముందు ఆగస్టు 15కి వాళ్లని మీ ఇంటికి పిలవండి, పులిహోరలో కారం కాస్త తగ్గించండి.