రాలేనన్నవాళ్లని భోజనం సంగతి అడగకండి: గూగుల్ ఫామ్‌ని తేలిక చేయడం ఎలా?

మా పదో తరగతి బ్యాచ్ అంతా కలుద్దామనుకున్నప్పుడు వివరాల కోసం గూగుల్ ఫామ్ నేనే తయారుచేశాను. 22 ప్రశ్నలు, అన్నిటికీ జవాబు తప్పనిసరి. లింకు గ్రూపులో పెట్టానో లేదో ఫోన్లు మొదలయ్యాయి. "నేను రావట్లేదురా, మరి రూమ్ కావాలా అంటోంది, ఏం పెట్టను?" అని ఒకడు. "ఒక్కదాన్నే వస్తున్నా, పిల్లల వయసులు రాయందే ముందుకి పోవట్లేదు" అని ఇంకొకామె. సగంలో వదిలేసినవాళ్లు ఎందరో! అందరినీ అన్నీ అడగడమే నేను చేసిన తప్పు. మళ్లీ ఇలా మార్చాను.

ముందు కాగితం తీసుకోండి. ప్రశ్నలన్నీ రాసి, ఒక్కోదాని పక్కన అది ఎవరికో రాయండి: అందరికీ, వచ్చేవాళ్లకి, రూమ్ కావాల్సినవాళ్లకి, రాలేనివాళ్లకి. ఎవరికీ అక్కర్లేని ప్రశ్నలు ఇక్కడే బయటపడతాయి, కొట్టేయండి. నిజానికి సగం పని ఇదే.

తర్వాత ఫామ్ తెరిచి, కుడివైపు బొత్తాల్లో 'యాడ్ సెక్షన్' నొక్కుతూ పైన రాసుకున్న ఒక్కో రకంవాళ్లకి ఒకటి చొప్పున నాలుగు సెక్షన్లు (విడివిడి పేజీలు) చేయండి. మొదటి సెక్షన్‌లో పేరు, ఫోన్ నంబరు, ఉంటున్న ఊరు, చివరగా "వస్తున్నారా?". దారి మళ్లించే ప్రశ్న ఇదే, అంటే దీని జవాబుని బట్టే ఎవరు ఏ సెక్షన్‌కి వెళ్లాలో తేలుతుంది. దీన్ని 'మల్టిపుల్ చాయిస్'గానో 'డ్రాప్‌డౌన్'గానో పెట్టాలి. చెక్‌బాక్సుల్లో రెండు మూడు జవాబులకి టిక్ పెట్టొచ్చు కాబట్టి వాటితో దారి మళ్లించడం కుదరదు. ఒక సెక్షన్‌లో ఇలాంటి ప్రశ్న ఒక్కటే ఉంచండి, గందరగోళం ఉండదు.

ఆ ప్రశ్న కింద మూడు చుక్కలు నొక్కి 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' ఎంచుకోండి. ప్రతి జవాబు పక్కనా ఒక పెట్టె వస్తుంది. "వస్తున్నాను"కి 2వ సెక్షన్, "రాలేను"కి 4వ సెక్షన్ ఇవ్వండి. "ఇంకా తేలలేదు" అనే జవాబు కూడా పెట్టి, దానికి 'సబ్మిట్ ఫామ్' ఇవ్వండి. తేల్చుకోనివాళ్లని బలవంతంగా అవుననిపిస్తే భోజనాల లెక్క తప్పుతుంది. వాళ్లకి వారం తర్వాత ఫోన్ చేసుకోవచ్చు. ఈ ప్రశ్నకి 'రిక్వైర్డ్' ఆన్ చేయడం మాత్రం మర్చిపోకండి. లేకపోతే జవాబివ్వనివాళ్లు నేరుగా పక్క సెక్షన్‌లోకి వెళ్లిపోతారు.

2వ సెక్షన్‌లో ఎంతమంది వస్తున్నారు, శాకాహారమా మాంసాహారమా అని అడిగి, చివర్లో "రూమ్ కావాలా?" పెట్టండి. "కావాలి" అంటే 3వ సెక్షన్‌కి, "వద్దు" అంటే 'సబ్మిట్ ఫామ్'.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడ. 3వ సెక్షన్ కింద 'ఆఫ్టర్ సెక్షన్ 3' అని ఉండే చోట, మనం మార్చకపోతే 'కంటిన్యూ టు నెక్స్ట్ సెక్షన్' అనే ఉంటుంది. అలా వదిలేస్తే రూమ్ అడిగినవాళ్లు వెళ్లి "మీరు రాలేకపోతున్నందుకు బాధగా ఉంది" అనే 4వ సెక్షన్‌లో పడతారు. అందుకే 3వ సెక్షన్ కింద కూడా 'సబ్మిట్ ఫామ్' పెట్టండి.

లింకు పంపేముందు పైన కంటి గుర్తు నొక్కి, ఒక్కో జవాబుతో ఒక్కోసారి చివరిదాకా వెళ్లి చూడండి. ఫోన్‌లో కూడా చూడాలి, మనవాళ్లు ఎక్కువగా వాట్సాప్‌లోంచే తెరుస్తారు కదా. ఈ ట్రయల్ జవాబుల్ని తర్వాత తీసేయండి. ఫామ్‌ని గూగుల్ షీట్‌కి లింక్ చేస్తే జవాబులన్నీ ఒకే షీట్‌లోకి వస్తాయి. అడగని ప్రశ్నల గళ్లు ఖాళీగా ఉంటాయి, వాటిని చూసి టెన్షన్ పడక్కర్లేదు.