పెద్దపేగు తిత్తుల వాపు: రోగి వయసును బట్టి ఏం గమనించాలి, ఏం అడగాలి

పెద్దపేగు గోడ బలహీనపడిన చోట లోపలి పొర బయటికి ఉబ్బి చిన్న చిన్న తిత్తులు ఏర్పడతాయి. వాటికి వాపు వస్తే దాన్ని డైవర్టిక్యులైటిస్ అంటారు. వయసు పెరిగేకొద్దీ తిత్తులు ఏర్పడడం ఎక్కువవుతుంది. అయితే ఆసుపత్రిలో చీటీ మీద వయసు రాయించి ఊరుకుంటే చాలదు. ఆ వయసు ఏ లక్షణాన్ని దాచిపెడుతుందో, ఏ మందుతో జాగ్రత్త అవసరమో తెలుసుకుని వెళ్లాలి.

ముందుగా పెద్దవారి సంగతి. గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా పెద్దమ్మగారు 76 ఏళ్ల వయసులో రెండు రోజులు మంచం దిగలేదు. "ఏం లేదురా, నిన్నటి గోంగూర పడలేదు" అన్నారు. పొట్ట మెత్తగానే ఉంది, థర్మామీటరు 99 దాటలేదు. మందుల షాపులో తెచ్చిన గ్యాస్ మాత్రతో మేమూ సరిపెట్టాం. మూడో రోజు మజ్జిగన్నం రెండు ముద్దలకే పక్కన పెట్టి, కోడలిని కూతురి పేరుతో పిలిచేసరికి భయపడి స్కాన్ చేయిస్తే పేగు పక్కన చీము గడ్డ కనిపించింది. వృద్ధుల్లో జ్వరం రాకపోవచ్చు, రక్తపరీక్షలో తెల్లకణాలు పెరగకపోవచ్చు; స్టెరాయిడ్ వాడేవారిలో నొప్పి సైతం అణగిపోతుంది, కొన్ని బీపీ మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు. కాబట్టి తిండి మానడం, మాట తడబడడం, మూత్రం తగ్గడం వంటివాటిలో ఏది కనిపించినా అదే రోజు తీసుకువెళ్లాలి.

వెళ్లేటప్పుడు వారి మాత్రల కవరు మొత్తం పట్టుకెళ్లండి. మోకాళ్ల కోసం వాడే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు పేగుకు రంధ్రం పడే ముప్పును పెంచుతాయి. రక్తం పలుచబడే మందు సంగతి సర్జన్‌కు ముందే తెలియాలి. రంగుమందుతో సీటీ స్కాన్ తీసే ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశారా, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలా అని అడగాలి.

వయసులో ఉన్నవారి విషయంలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. ఆసియా దేశాల్లో ఈ తిత్తులు కుడివైపు ఏర్పడడం కూడా మామూలే గనుక, 35 ఏళ్ల మనిషికి కుడి పొత్తికడుపులో నొప్పి వస్తే అందరూ అపెండిక్స్ అనే అనుకుంటారు. పరిస్థితి అత్యవసరం కాకపోతే, కోతకు ముందు స్కాన్‌లో అపెండిక్స్ స్పష్టంగా కనిపించిందా అని అడగడం మీ హక్కు.

చికిత్సను నిర్ణయించేది ప్రధానంగా స్కాన్. చీము, రంధ్రం లేని తేలికపాటి వాపు అయితే, ఇతర జబ్బులు లేని మనిషి డాక్టరు పర్యవేక్షణలో పలచని ఆహారంతో, పారాసిటమాల్‌తో ఇంట్లోనే కోలుకోవచ్చు. ఇలాంటివారికి యాంటీబయాటిక్ తప్పనిసరి కాదని 2012లో స్వీడన్‌లో, 2017లో నెదర్లాండ్స్‌లో వెలువడిన పరిశోధనలు చూపాయి. ఈ వెసులుబాటు బలహీనపడిన వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వర్తించదు. వారిని చేర్చుకుని సెలైన్, యాంటీబయాటిక్ ఇవ్వడమే మేలు. అందులోనూ సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి పెద్దవారిలో మతి తడబాటును, స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) దెబ్బను కలిగించగలవు కనుక, మరో మందు ఉందా అని అడగాలి. చీము గడ్డ సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లు దాటితే గొట్టంతో తీస్తారు. చీము పొట్టంతా పాకితే ఏ వయసులోనైనా అత్యవసర ఆపరేషనే. అప్పుడు పొట్టపై మలసంచి అమర్చాల్సి రావచ్చు, వృద్ధుల్లో కొందరికి అది శాశ్వతంగా ఉండిపోతుంది.

50 ఏళ్లలోపు వారికి ఒక్కసారి వచ్చినా పేగు ముక్క తీసేయాలని పూర్వం చెప్పేవారు. వయసు ఒక్కటే చూసి కోయవద్దన్నది ఇప్పటి మాట. చిన్నవారిలో జబ్బు మళ్లీ రావడానికి మిగిలిన జీవితకాలం ఎక్కువన్నది నిజమే గాని, ప్రతిసారీ తీవ్రంగా వస్తుందని కాదు.

తగ్గిన 6 నుంచి 8 వారాలకు, ఈ మధ్య చేయించుకోనివారికి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరమా అని అడగండి. క్యాన్సర్ కూడా స్కాన్‌లో ఇలాగే కనిపించవచ్చు. పేగు శుభ్రానికి తాగించే మందుతో పెద్దవారు నీరసించి పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ రాత్రి బాత్రూమ్ దాకా పక్కన ఒక మనిషి ఉండాలి.