రోబోటిక్స్ థీసిస్‌కి కూర్చునే ముందు ఇవి చూసుకోండి

టాపిక్ చిన్నదే పెట్టుకోండి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తనంతట తానే నడిచే కారు ఆరు నెలల్లో అయ్యే పని కాదు, కాలేజీ వరండాలో ఓ బుల్లి బండి గోడకి గుద్దుకోకుండా తిరిగితే అదే పదివేలు.

సీనియర్ ఇచ్చిన కోడ్ రాస్ వన్‌లో (రోబోలకి ప్రోగ్రాములు రాయడానికి వాడే ROS సాఫ్ట్‌వేర్ పాత తరం) ఉందా? దాని చివరి వెర్షన్ నోయెటిక్‌కి 2025 మేలోనే సపోర్ట్ ఆగిపోయింది, రాస్ టూకి మార్చడానికి ఎన్ని రోజులో ముందే లెక్కేసుకోండి.

లేజర్ కాంతితో దూరం కొలిచే సెన్సార్ లైడార్‌కి గాజు సరిగా కనపడదు. మా బండి ల్యాబ్ గాజు తలుపుని ఖాళీ దారి అనుకుని నేరుగా వెళ్లి కొట్టింది, తర్వాత సరిగ్గా లైడార్ ఎత్తులో పేపర్ అంటించాం (గైడ్ గారు నవ్వారు లెండి).

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఛార్జ్ చేసేటప్పుడు సెల్‌కి 4.2 వోల్టులు దాటొద్దు, బెజవాడ ఎండల్లో స్కూటర్ డిక్కీలో అస్సలు వదలొద్దు.

ప్రతి రన్‌కీ బ్యాగ్ ఫైల్ (సెన్సార్ల డేటాని రాస్ దాచే ఫైల్) రికార్డ్ చేసి రెండు చోట్ల దాచండి. బైండింగ్‌కి చివరిరోజు వెళ్తే మాత్రం క్యూలో నిలబడాల్సిందే.