కావేరి ఒడ్డు చెట్లలో వన్యప్రాణులను ఎలా గమనించాలి?

బెంగళూరు నుంచి కనకపుర, సాతనూరు, హలగూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు వెళితే కావేరి ఒడ్డున ముత్తత్తి వస్తుంది. సీతమ్మ ముత్యం ఏటిలో జారిపడితే ఆంజనేయుడు తోకతో వెదికి తీశాడని అక్కడి స్థలకథ. నగరం నుంచి వచ్చే మన తెలుగు కుటుంబాలు స్వామి దర్శనం చేసుకొని, పులిహోర తిని, తిరుగుముఖం పడుతుంటాయి. 1987లో ఏర్పడిన కావేరి వన్యప్రాణి అభయారణ్యం మధ్యలో కూర్చుని తిన్నామని చాలామందికి తట్టనే తట్టదు.

మొదట జంతువును కాదు, చెట్టును వెదకండి. నీటిని ఆనుకొని, లావైన మాను మీద తెల్లని నున్నటి బెరడు పొరలు పొరలుగా ఊడుతూ, అయిదు రెక్కల కాయలు కాసే వృక్షం కనిపిస్తే అది ఏరుమద్ది. కన్నడిగులు దీన్ని హొళెమత్తి అంటారు. హొళె అన్నా ఏరే కనుక స్థానికులను అడిగి తెలుసుకోవడం సులభం. ఎండాకాలంలో చుట్టూ కొండల మీది అడవి ఆకు రాల్చి మోడువారినా, వేళ్లకు తడి అందే ఈ చెట్లు పచ్చగానే ఉంటాయి. నీడ, మేత, నీరు ఒకేచోట దొరుకుతాయి కనుకనే ఆ నెలల్లో ప్రాణులు ఒడ్డుకు చేరతాయి. నా దృష్టిలో చూడటానికి అదే మేలైన కాలం.

తరువాత తల ఎత్తి, రెండు చెట్ల కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసే చోట పుల్లలతో, ఆకులతో అల్లిన బంతిలాంటి గూడు ఉందేమో చూడండి. అది నెరిసినట్లుండే బూడిదరంగు పెద్ద ఉడుతది. దక్షిణ భారతంలోని కొద్ది అడవుల్లోను, శ్రీలంకలోను తప్ప మరెక్కడా లేని ఈ ఉడుత సాధారణంగా నేలకు దిగకుండా కొమ్మ నుంచి కొమ్మకే సాగుతుంది. మధ్యలో ఒక్క పెద్ద చెట్టు పోయినా దాని దారి తెగినట్లే. ఉదయం పూట ఒక మాను కింద అరగంట కదలకుండా కూర్చుంటే, ఉడుత కంటపడకముందే అది కొరికిన కాయముక్కలు రాలుతున్న చప్పుడు వినిపించవచ్చు. బైనాక్యులర్ కన్నా ఇక్కడ ఓపికే ఎక్కువ పని చేస్తుంది.

నీటివైపు చూసేటప్పుడు ఒడ్డుకు దూరంగానే నిలబడాలి. మధ్యలోని బండల మీద మొసళ్లు ఎండ కాచుకుంటాయి. పైకి నిదానంగా కనిపించే ప్రవాహం కింద సుడులుంటాయి, ఈత సరదాతో అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. గుంపులుగా తిరిగే నీటికుక్కలు కనిపించకపోయినా, రాళ్ల మీద చేప పొలుసులు, పీత పెంకుల తునకలు కలిసిన వాటి పెంట కనిపిస్తే అవి వచ్చి వెళ్లాయని అర్థం. లకుముకి పిట్ట కూర్చునే కొమ్మను ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు, అది మళ్లీ అక్కడికే వస్తుంది.

తినుబండారాలను సంచిలోనే మూసి ఉంచండి, లేకుంటే కోతులు లాక్కుంటాయి. పొద్దు వాలేలోగా బయలుదేరండి. చీకటి పడ్డాక నీటికి దిగే ఏనుగులు దాటేది మీ కారు వెళ్లవలసిన దారినే.