డిడ్జెరిడూ నేర్చుకుందాం – 4వ పాఠం: ఊపిరి తెగకుండా

డిడ్జెరిడూ అంటే పెదవులు అదిరిస్తూ ఊదే పొడవాటి గొట్టం లాంటి ఆస్ట్రేలియా వాద్యం; మనం పీవీసీ గొట్టంతో నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో పెదవులు వదులుగా పెట్టమన్నాను, ఎంత వదులో చెప్పలేదు. మీరు పంపిన రికార్డింగులు వింటే సగం మంది గొట్టాల్లోంచి లారీ హారన్ వినిపించింది, మిగతావాళ్ల దాంట్లో ఉత్త గాలి. ముందు అది సరిచేసుకుందాం.

మన 1.3 మీటర్ల పీవీసీ గొట్టం అసలు నాదం సెకనుకు సుమారు 65 కంపనాలు. పెదవులు బిగిస్తే అది ఒక్కసారిగా దాదాపు మూడు రెట్ల పైస్థాయికి ఎగురుతుంది. అదే ఆ హారన్. శంఖం ఊదే అలవాటున్నవాళ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది. అది తప్పు స్వరమేమీ కాదు. ఆస్ట్రేలియా ఉత్తరాన, ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్‌లో యోల్ఙు జనం ఈ వాద్యాన్ని యిడాకి అంటారు. వాళ్లు నాదం మధ్యలో ఆ కూతను కావాలనే వేస్తారు. మీకు మాత్రం అది అడగకుండా వస్తోంది.

చంటిపిల్లలు తుంపర్లు పడేలా బుర్రుమంటే వాన వస్తుందంటారు చూడండి, అదే పెదవి కావాలి. గొట్టం లేకుండా బుర్రుమనిపించి, ఆపకుండానే గొట్టానికి ఆనించండి. ఉత్త గాలి వస్తే పెదవులు ఒక్క పిసరు దగ్గర చేయండి, ఊదే బలం మాత్రం పెంచొద్దు. తల తిరిగితే ఆ పూటకు ఆపేయండి.

ఇక ఊపిరి. చిన్నప్పుడు మా వీధి చివర కంసాలి కొట్లో గంటల తరబడి కూర్చునేవాణ్ణి. ఆయన నోట్లో ఊదుగొట్టం, ఎదురుగా దీపం. మంట పక్కకు వంగి సూదిలా నిలిచేది, టంకం కరిగేదాకా వణికేది కాదు. ఆయన బుగ్గలు పొంగేవి, మెల్లగా దిగేవి, దిగుతుండగానే ముక్కుపుటాలు ఒక్కసారి అదిరేవి, బుగ్గలు మళ్లీ పొంగేవి. బుగ్గల్లోని గాలిని బయటికి నొక్కుతూనే ముక్కుతో పీల్చడం, మనం నేర్చుకునేది సరిగ్గా అదే. పాములవాళ్ల నాగస్వరం తెగకుండా మోగేదీ ఇలాగే.

నోటినిండా నీళ్లు పట్టి, సన్నటి ధారగా బయటికి చిమ్ముతూ ముక్కుతో గాలి పీల్చండి. నోటికీ ముక్కుకీ మధ్య తలుపు ఎక్కడుందో నీళ్లే చూపిస్తాయి. తర్వాత గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఊదండి. కొబ్బరిబొండాం స్ట్రా వెడల్పు, గాలి ఇట్టే అయిపోతుంది. నేనైతే ఫ్రూటీ డబ్బాకొచ్చే సన్న స్ట్రా వాడతాను.

అందరూ పడే గుంట ఒకటుంది: ఊపిరి పూర్తిగా అయిపోయాక పీల్చబోవడం. మిద్దెమీది ట్యాంకు అడుగంటాక మోటారు వేస్తే కుళాయి ఆగకుండా ఉంటుందా? బుగ్గల్లో పట్టే గాలి పుక్కిలికి పట్టే నీళ్లంత. అది సెకను కూడా రాదు. ఆ కాస్త సమయంలో ఖాళీ ఊపిరితిత్తులు నిండవు. ఒళ్లు కంగారుపడుతుంది, గొంతు బిగుస్తుంది, నాదం తెగుతుంది. అప్పుడు "నాకు ఊపిరి చాలదు" అనుకుంటారు. ఊపిరికి ఏ లోటూ లేదు, ఆలస్యంగా పీల్చారంతే. సగం ఉండగానే పీల్చండి. అవసరం లేదనిపించినప్పుడే పీల్చండి. పువ్వు వాసన చూసినంత చిన్నగా, మూడు నాలుగు సెకన్లకోసారి. ముందు బుగ్గ నొక్కాలి, ఆ వెంటనే ముక్కు పీల్చాలి. ఈ వరుస తిరగబడితే ఎన్నాళ్లు ఊదినా రాదు.

పీల్చిన చప్పుడు వినబడుతోందని సిగ్గుపడేవాళ్లు ఉన్నారు. దాన్ని దాచక్కర్లేదు. యోల్ఙు వాళ్ల దగ్గర యిడాకి పాటగాడి గొంతుకూ, బిల్మా అనే కర్రల తాళానికీ జతగా మోగుతుంది. ఊపిరి తీసిన చోట బుగ్గలోంచి పడే చిన్న గాలి నెట్టు కూడా లయలో ఒక దెబ్బే. అందుకే తొడ మీద తాళం వేస్తూ ప్రతి నాలుగో దెబ్బకు పీల్చండి. తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్ వద్దు, చెయ్యి చాలు.

సాధన: రోజుకు 20 నిమిషాలు, వారానికి కనీసం 5 రోజులు. స్విట్జర్లాండ్‌లో గురక, నిద్రలో ఊపిరి అడ్డుపడే ఇబ్బంది ఉన్న 25 మందితో జరిపిన పరిశోధనలో డిడ్జెరిడూ ఇచ్చిన వాళ్లకు పెట్టిన నియమం ఇదే. 4 నెలల తర్వాత వాళ్లకు పగటిపూట నిద్రమత్తు తగ్గిందని 2005 చివర్లో ప్రచురించారు. గ్లాసులో బుడగలు ఒక నిమిషం పాటు తెగకుండా వచ్చేదాకా గొట్టం గోడకే ఆనించి ఉంచండి.